అప్‌డేట్: థీటా ఏ పాదంలో ఉందో దొరికింది

మొన్న నేనడిగిన లెక్క ఇది: సైన్ థీటా −5/13, టాన్ థీటా ధనాత్మకం, థీటా 0°కీ 360°కీ మధ్య. కాస్ థీటా ఎంత? నేను 12/13 అని వేసి, తప్పెక్కడో తెలియక జుట్టు పీక్కున్నాను.

మీరు చెప్పినట్టే చేశాను. సైన్ రుణం కాబట్టి 3 లేదా 4వ పాదం (360°ని 90° చొప్పున నాలుగు పాదాలు చేస్తాం కదా). టాన్ ధనం కాబట్టి 1 లేదా 3. రెండింట్లోనూ ఉన్నది 3. అక్కడ కాస్ కూడా రుణమే, జవాబు −12/13. ఏ పాదంలో ఏవి ధనమో గుర్తుపెట్టుకునే ‘ఆల్ సిల్వర్ టీ కప్స్’ నోటికొచ్చు, వాడడమే రాలేదు!

తర్వాతి బిట్ కాస్ (థీటా/2). మళ్లీ మూడో పాదమే అని రాసేయబోయి ఆగాను. 180°, 270°లను సగం చేస్తే 90°, 135°. అంటే రెండో పాదం, అక్కడ కాస్ రుణం. −1/√26 వచ్చింది, పుస్తకం వెనక జవాబూ అదే. థాంక్సండీ.