లాప్‌టాప్ కీల కింద దుమ్ము, లడ్డూ పొడి: పాడు కాకుండా తీసేదెట్లా?

రేణిగుంట_రోడ్డు:
మాది తిరుపతి. ఇల్లు రోడ్డు పక్కనే, తలుపు తీస్తే దుమ్ము. పిల్లలు లాప్‌టాప్ ముందే బొరుగులు, మిక్చరు తింటారు. మొన్న కొండ మీంచి తెచ్చిన లడ్డూ కూడా అక్కడే తిన్నారు. ఇప్పుడు ‘కే’, ‘ఎల్’ నొక్కితే కరకరమంటున్నాయి, ‘ఎం’ కిందికి పోయి నిదానంగా లేస్తోంది. కీలు పీకి తుడవమని ఒకరు, పంక్చర్ షాపులో గాలి కొట్టించమని ఒకరు చెప్తున్నారు. ఏది చేయొచ్చు? నాలుగేళ్ల విండోస్ లాప్‌టాప్, బ్యాటరీ లోపలే ఉంటుంది.

చిత్తూరు_హార్డ్‌వేర్:
రెండూ వద్దండి. పంక్చర్ షాపు కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు చేరి ఉంటాయి, నూనె తుంపర కూడా వస్తుంది. పైగా ఆ ఒత్తిడికి పొడి బయటికి రాకపోగా ఇంకా లోపలికి పోతుంది.

ముందు షట్‌డౌన్ చేయండి, స్లీప్ చాలదు. చార్జర్, పెన్‌డ్రైవ్ అన్నీ తీసేయండి. కొన్ని మోడళ్లు మూత తెరవగానే వాటంతటవే ఆన్ అవుతాయి, పని మధ్యలో ఓసారి చూసుకోండి. తర్వాత మూత తెరిచి, కీబోర్డు కిందికి ఉండేలా బోర్లించి, వెనకవైపు వేళ్లతో మెల్లగా తట్టండి. బొరుగుల ముక్కలు సగం ఇక్కడే రాలిపోతాయి. ఆ తర్వాత అరంగుళం మెత్తటి పెయింట్ బ్రష్, కొత్తది, పొడిగా ఉన్నది తీసుకుని ఒక్కో వరుస సందులో ఒకే దిక్కుగా లాగండి. అటూ ఇటూ రుద్దితే దుమ్ము మళ్లీ పక్క కీ కిందికే చేరుతుంది.

గాలికి కెమెరా లెన్సు తుడిచే రబ్బరు బ్లోయర్ చాలు. డబ్బాలో వచ్చే ఎయిర్ స్ప్రే అయితే లాప్‌టాప్‌ను దాదాపు నిలువుగా, 75 డిగ్రీల వాలులో పట్టుకుని, గొట్టం కొన కీలకు అరంగుళం దూరంలో ఉంచి, ఎడమ నుంచి కుడికి ఒకటి రెండు సెకన్ల చొప్పున కొట్టండి. తర్వాత లాప్‌టాప్‌ను పక్కకు తిప్పి మళ్లీ. డబ్బా మాత్రం నిటారుగానే ఉండాలి. వంచితే లోపలి ద్రవం బయటికొచ్చి కీల మీద మంచులా గడ్డకడుతుంది. మన ఎండల్లో ఆ డబ్బాను కారులో వదలొద్దు, వేడికి పేలుతుంది.

‘ఎం’ జిగటకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఇయర్‌బడ్ తడిపి అంచులు తుడవండి. శానిటైజర్ వద్దు, అందులోని గ్లిజరిన్ జిగట ఇంకా పెంచుతుంది.

కొర్లగుంట:
పై జవాబులో ఒక్క సవరణ. లడ్డూలో ఉండేది నెయ్యి, చక్కెర. నెయ్యి జిడ్డును ఆల్కహాల్ వదిలిస్తుంది గానీ, చక్కెర 99 శాతం ఆల్కహాల్‌లో కరగదు, దానికి నీళ్లే కావాలి. అందుకే ఎంత తుడిచినా ఆ కీ మళ్లీ బిగుసుకుంటుంది. ఇయర్‌బడ్‌ను ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, చుక్క కారకుండా గట్టిగా పిండి, కీ నాలుగు అంచులూ తుడవండి. బోరు నీళ్లైతే ఆరాక ఉప్పు తెల్లగా మిగులుతుంది. ఆ తర్వాత ఆల్కహాల్ బడ్‌తో ఇంకోసారి, కీని పది ఇరవై సార్లు నొక్కుతూ. అప్పుడే జిగట వదులుతుంది. ఏదీ కీబోర్డు మీద నేరుగా పోయొద్దు, స్ప్రే చేయొద్దు. కనీసం గంటసేపు ఆరాకే ఆన్ చేయండి. చక్కెర అట్లే మిగిలితే చీమలు కూడా పడతాయి.

రేణిగుంట_రోడ్డు:
బ్రష్, బ్లోయర్‌తో ‘కే’, ‘ఎల్’ బాగైనాయి. తడి బడ్ తర్వాత ‘ఎం’ కూడా మామూలుగానే లేస్తోంది, కానీ గట్టిగా నొక్కితేనే అక్షరం పడుతోంది. దీన్ని పీకి చూడొచ్చా అన్నా?

చిత్తూరు_హార్డ్‌వేర్:
చక్కెర సంగతి కొర్లగుంట గారు చెప్పిందే కరెక్టు.

పీకే ముందు సెట్టింగ్స్‌లో ఫిల్టర్ కీస్ (కొద్దిసేపే నొక్కిన కీలను పట్టించుకోని విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూడండి. కుడి షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే అది ఆన్ చేయాలా అని అడుగుతుంది, వాడేటప్పుడు తెలియకుండా ఒప్పుకుని ఉండొచ్చు. అది ఆన్‌లో ఉంటే కీలన్నీ మొద్దుబారతాయి. ‘ఎం’ ఒక్కటే అయితే దాని కింద రబ్బరు గుబ్బ దగ్గర ఇంకా ఏదో ఉన్నట్టు.

అప్పుడైనా ముందు మీ మోడల్ కీ ఏ వైపు కొక్కెంతో పట్టుకుంటుందో తెలుసుకోండి. ఒక్కో మోడల్‌కు ఒక్కో వైపు ఉంటుంది. తప్పు వైపు లేపితే కత్తెర ఆకారంలో ఉండే సన్నటి ప్లాస్టిక్ కొక్కెం విరుగుతుంది, అది విడిగా దొరకడం కష్టం. స్క్రూడ్రైవర్ కాదు, గిటార్ పిక్ లాంటి పల్చటి ప్లాస్టిక్‌తో మూల నుంచి కొద్దికొద్దిగా లేపండి. స్పేస్, ఎంటర్, షిఫ్ట్ అసలు ముట్టుకోవద్దు, చాలావాటి కింద తీగె ఉంటుంది, తిరిగి కూర్చోబెట్టడం కష్టం. చాలా లాప్‌టాప్‌లలో కీబోర్డును పై ప్లేటుకు ప్లాస్టిక్ కరిగించి అతికిస్తారు. ఒక్క కీ విరిగినా ప్లేటంతా మార్చాల్సి రావచ్చు, కాబట్టి ‘ఎం’ ఇంకో రెండు రోజులు వాడి చూశాకే పీకండి.