శ్రుతి మించి రాగాన పడటం: ఈ నుడికారంలో 'రాగం' ఏది?

విశాఖపట్నంలో మేం ఏడుగురం ఒకే కల్పిత ఊరిని పంచుకొని కథలు రాస్తున్నాం. ఒకరు కట్టిన వీధిలో మరొకరి పాత్ర అద్దెకు దిగుతుంది. ఆ ఊరికి 'అనుమంద్రం' అనే సంగీత మాసపత్రిక కూడా ఉంది. దాని సంపాదకీయాలు, కచేరీ సమీక్షలు మా కథల్లో ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంటాయి. ఈ నెల ముగ్గురి కథల్లో ఆ పత్రిక 'శ్రుతి మించి రాగాన పడింది' అన్న మాట వాడింది. ఒకచోట 'శృతి' అని ఉంది, అర్థం మూడుచోట్లా మూడు రకాలుగా ఉంది. మొన్న ఆదివారం బీచ్ రోడ్డులో కూర్చుని చీకటి పడేదాకా వాదించుకున్నా తేలలేదు కనుక మీ ముందు పెడుతున్నాను.

వర్ణక్రమం గురించి నాకు సందేహం లేదు. వినడమనే అర్థమున్న 'శ్రు' ధాతువు నుంచి శ్రవణం, శ్రోత వచ్చినట్టే శ్రుతి వచ్చింది. కృతి, స్మృతి అనే మాటల పొరుగున ఉండటం వల్లా, మన నోట ఋకారం 'రు'గానే పలకడం వల్లా 'శృతి' అచ్చులోకి పాకింది. మా పత్రిక సంపాదకుడు, కథల ప్రకారం, 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలుగా మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నవాడు. అటువంటి మనిషి చేత 'శృతి' అని రాయిస్తే పాత్రకే అన్యాయం.

అసలు చిక్కు అర్థంలో ఉంది. వ్యవహారం హద్దు మీరిందన్నది అందరికీ తెలిసినదే, కానీ ఆ హద్దు ఎలా ఏర్పడింది? తంబురా నాలుగు తీగలనూ పంచమానికి, రెండు షడ్జాలకు, మంద్ర షడ్జానికి బిరడలు తిప్పి కలుపుకుంటారు, శ్రుతి చేసుకోవడమంటే ఇదే. తీగలు ఆనే గుర్రం మీద, తీగ కింద దూర్చే జీవా దారం సరిగ్గా అమరగానే నాదం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. గాయకుడు ఆ నాదంలో గొంతు కలిపి, ఆ తరువాతే రాగం అందుకుంటాడు. దీన్నిబట్టి ఒక మిత్రుడు 'మించి' అంటే 'దాటి' అనీ, 'దారిన పడు', 'గాడిన పడు' లాగానే 'రాగాన పడు' అంటే రాగంలోకి ప్రవేశించడమనీ అంటున్నాడు. అంటే చిన్నగా మొదలైనది పూర్తిస్థాయికి చేరిందన్నమాట.

నాకు ఈ వివరణ అందంగా తోచింది గాని మనసు ఒప్పుకోలేదు. మారాం చేసే పిల్లలను మా ఇంట్లో "రాగాలు తీయకు" అని కసురుతారు. అక్కడ రాగమంటే సాగదీసిన ఏడుపు. మాట స్థాయి దాటి ఏడుపులోకి, రభసలోకి దిగిందన్నదే ఈ నుడికారపు మొదటి భావమని నాకు బలంగా అనిపిస్తోంది. ఇందులోని నింద కూడా అప్పుడే సరిగ్గా అతుకుతుంది, ఎందుకంటే రాగంలోకి ప్రవేశించినందుకు గాయకుణ్ణి ఎవరూ తప్పుపట్టరు.

ఈ మాటను మంచి అర్థంలో, అంటే పని బాగా ఊపందుకుందని చెప్పడానికి, మీ ఇళ్లలో పెద్దలు వాడగా విన్నవారుంటే ఏ సందర్భంలో విన్నారో దయచేసి రాయండి. ఒక్క ఉదాహరణ దొరికినా నా అభిప్రాయం మార్చుకుని, వచ్చే నెల 'అనుమంద్రం' సంపాదకీయాన్ని ఆ ప్రకారమే రాస్తాను.