పులికాట్ నుంచి కేళంబాక్కం దాకా: ఈ చలికాలం ఎవరికి ఏ పిట్ట కనిపించింది?

వేళచ్చేరి వాసి
నిన్న పొద్దున్నే పళవేర్కాడు (పులికాట్) వెళ్లాను. వంతెన దాటి లైట్‌హౌస్ కుప్పం దగ్గర బండి పెట్టి, సముద్రం ఒడ్డున, చెరువు సముద్రంలో కలిసే ముఖద్వారం వైపు నడిచాను. నీళ్లు పాటు మీద ఉన్నాయి, ఇసుక మేటలు బయటపడ్డాయి. ఎప్పుడూ ఉండే చిన్న ఉల్లంకి పిట్టల (బురదలో మేత వెతుక్కునేవి) మధ్య ఒకటి వేరుగా నిలబడి ఉంది. నల్ల తల, నల్ల వీపు, తెల్ల పొట్ట. ముక్కు చూస్తే క్యారెట్ తెచ్చి అతికించినట్టు నారింజ రంగులో, సూటిగా, పొడుగ్గా ఉంది. ఆయిస్టర్‌క్యాచర్ అనే నా నమ్మకం. బైనాక్యులర్‌కి ఫోన్ ఆనించి ఫోటో తీశాను. ఇసుక అద్భుతంగా వచ్చింది, పిట్ట ఒక చుక్క.

మన తీరంలో ఇది అరుదుగా కనిపించేదే. ఇంకెవరికైనా కనిపించిందా? ఇదొక్కటే కాదు, ఈ సీజన్లో మీరు చూసిన వింతలన్నీ ఇక్కడ రాయండి. ఫోటో లేకపోయినా ఫర్వాలేదు, చూసింది చూసినట్టు రాస్తే చాలు.

పెరుంగుడి పిల్లోడు
అన్నా, కాళ్లు చూశారా? నల్లరెక్కల స్టిల్ట్ కూడా దూరం నుంచి నలుపూ తెలుపే. దాని కాళ్లు గులాబీ రంగులో పుల్లల్లా బారుగా ఉంటాయి, ముక్కు సన్నగా నల్లగా ఉంటుంది. ఎండ ఎదురుగా ఉంటే ముక్కు రంగు నమ్మడానికి లేదు.

వేళచ్చేరి వాసి
చూశాను తమ్ముడూ. కాళ్లు పొట్టి, లావు. పక్కనే ఒక స్టిల్ట్ కూడా ఉంది, దాని పక్కన ఇది బొద్దుగా కాకి సైజులో ఉంది. ఎగిరినప్పుడు రెక్క మీద వెడల్పాటి తెల్ల పట్టీ స్పష్టంగా కనిపించింది.

పెరుంగుడి పిల్లోడు
అయితే ఇక వాదన లేదు. ఈ మాటలన్నీ ఈబర్డ్ (చూసిన పిట్టల్ని నమోదు చేసే సైటు) లిస్టులో నోట్స్ కింద రాసి పెట్టండి. అరుదైనదని ఎర్ర గుర్తు పడితే చుక్క లాంటి ఫోటో కంటే ఈ నాలుగు వాక్యాలే పనికొస్తాయి.

ఇక నా వంతు. మా ఆఫీసు పళ్లికరణై చిత్తడి నేల పక్కనే. మధ్యాహ్నం టీ టైంలో రేడియల్ రోడ్డు మీద నిలబడితే ఒక పక్క చెత్త గుట్ట, ఇంకో పక్క రాజహంసలు (ఫ్లెమింగోలు). బయటి నుంచి వచ్చినవాళ్లు నమ్మరు. 2022లో రామ్సర్ గుర్తింపు (చిత్తడి నేలలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, చెత్త గుట్ట మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈ ఏడు నవంబరు వానలకు నీళ్లు నిండుగా ఉండి డిసెంబరు సగం దాకా పెద్దగా ఏమీ లేదు. పిట్టలు రావట్లేదని అందరూ దిగులు పడ్డారు గానీ అసలు సంగతి లోతు. ఉల్లంకి పిట్టలకు మోకాలు దాటి నీళ్లుంటే మేత అందదు. నీళ్లు తీసి బురద బయటపడే కొద్దీ దిగుతాయి. అందుకే నేను సంక్రాంతి తర్వాతే సీరియస్‌గా చూస్తాను.

ఈ సీజన్లో నాకు గుర్తుండిపోయేది ఒక పెద్ద గద్ద. గ్రేటర్ స్పాటెడ్ ఈగిల్ అనుకుంటున్నా. అనుకుంటున్నా అనే రాస్తున్నా, ఎందుకంటే ముదురు గోధుమ రంగు గద్దల విషయంలో పందెం కట్టి ఓడిపోయిన అనుభవం ఉంది. మార్ష్ హారియర్ అనే ఇంకో వేట పిట్ట మాత్రం ఖాయంగా రోజూ ఉంది. అది రెల్లు మీద వాలుగా తేలుకుంటూ వచ్చిందంటే కనబడని బాతులన్నీ ఒక్కసారి లేస్తాయి. లెక్క పెట్టాలంటే అప్పుడే.

కాకి లెక్కలు
బాతులంటే నా కథ చెప్పాల్సిందే. పోయినేడు నాయుడుపేట పెళ్లికి వెళ్తూ హైవే పక్కన కోత కోసిన మళ్లల్లో బాతుల గుంపు చూశా. కారులోంచే లెక్కపెట్టి, 300 సూదితోక బాతులు అని ఈబర్డ్‌లో పెట్టేశా. మర్నాడు తిరిగొస్తుంటే అవే బాతులు రోడ్డు దాటుతున్నాయి. వెనకాల కర్ర పట్టుకుని ఒకాయన, ముందు ఒక కుర్రాడు "బాబా బాబా" అని పిలుచుకుంటూ. పెంపుడు బాతులు! కోత అయిన మళ్లల్లో రాలిన గింజలు మేపడానికి ఊరూరా తోలుకెళ్తారట. ఆ లిస్టు తీసేశా గానీ మా బామ్మర్ది ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతూనే ఉన్నాడు. ఈ పేరు వాడి పుణ్యమే.

సూళ్లూరుపేట లోకల్
హహహ, ఆ బాతుల్ని చూసి మోసపోయింది మీరొక్కరే కాదు లెండి. మా దగ్గర పండుగప్పుడు వచ్చే టూరిస్టులు వాటితో సెల్ఫీలు కూడా దిగుతారు.

మా వైపు సంగతులు రాస్తా. మీరంతా పులికాట్ అంటారు గానీ మా తాతల నోట ఇది ప్రళయ కావేరి. చెరువులో ఎక్కువ భాగం మన ఆంధ్రలోనే ఉంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు చెరువు మధ్యలోంచే పోతుంది, అటూ ఇటూ పిట్టలే. లోపలికి షార్ (ఇస్రో రాకెట్ కేంద్రం) పాస్ కావాలి గానీ గేటు దాకా ఎవరూ అడగరు. ఒక చిట్కా: చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపు నీళ్లు చూడండి. వెలుతురు మీ వెనక నుంచి పడి రంగులు తేటగా కనిపిస్తాయి. దక్షిణం వైపు చూస్తే అన్నీ నల్ల బొమ్మలే.

ఈ ఏడు రాజహంసలు అటకానితిప్ప దగ్గర బాగా దిగినాయి. తల కిందులుగా పెట్టి ముక్కుతో నీళ్లు వడగట్టుకుంటా నడుస్తాయి చూడండి, ఆ బురద కదిలే తీరు చూసి మావాళ్లు అక్కడ నీళ్లు ఎంత లోతో చెప్పేస్తారు. నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టేసినాయి. చెరువులో మునిగిన కడప చెట్ల మీద కొమ్మ కనపడకుండా కూర్చున్నాయి.

వింత అంటే ఒకటుంది. జనవరి మొదట్లో చారల తల బాతులు, బార్ హెడెడ్ గూస్ అంటారే, నాలుగు కనిపించినాయి. వెనక తల మీద రెండు నల్ల చారలు, గీసినట్టు. హిమాలయాలు దాటి వచ్చే జీవాలు మా ఊరి బర్రెల పక్కన గడ్డి పీకుతా ఉంటే భలే అనిపించింది.

కోపం తెప్పించేది కూడా ఒకటి చెప్పాల. కొందరు కెమెరావాళ్లు రాజహంసలు ఎగిరితే రెక్కల గులాబీ రంగు బాగా వస్తుందని రాళ్లు వేస్తా ఉండారు. ఆ పిట్ట గబుక్కున ఎగరలేదు సార్, నీళ్ల మీద కొంత దూరం పరిగెత్తి లేవాల. రోజుకి నాలుగు సార్లు లేపితే అది తినేదెప్పుడు? ఒకాయన్ని అడిగితే "మీకేంటి ప్రాబ్లం" అన్నాడు. మా జాలర్లే కేకలేసి పంపించినారు.

టీనగర్ పెద్దమ్మ
నాకు మీ ఇంగ్లీషు పేర్లు రావు. మా అబ్బాయి ఇక్కడ రాయమంటే రాస్తున్నాను.

అక్టోబరులో, దసరా వెళ్లిన కొన్నాళ్లకి, రాత్రంతా వాన. పొద్దున్నే బాల్కనీ తలుపు తీస్తే తులసి కుండీ వెనక ఏదో రంగు కనిపించింది. ముందు పిల్లల బొమ్మ అనుకున్నాను. దగ్గరికి వెళ్తే కళ్లు ఆర్పింది. పచ్చటి వీపు, గోధుమ పసుపు పొట్ట, తోక కింద ఎర్రగా కుంకుమ పెట్టినట్టు, కంటి మీదుగా మందంగా కాటుక గీత, రెక్క మడతలో మెరిసే నీలం. తోక ఎవరో కత్తిరించినంత పొట్టి. ఎగరలేదు, అరవలేదు, నన్నే చూస్తూ కూర్చుంది.

నోట్లో నీళ్లు పోయబోతుంటే పైఇంటి అమ్మాయి ఆపింది. అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయట. చీర వచ్చిన అట్టపెట్టెకి కన్నాలు పెట్టి, అడుగున పాత పంచె పరిచి, దాన్ని లోపల పెట్టి మూత వేసి చీకట్లో ఉంచాం. సాయంత్రం దాకా చప్పుడు లేదు. నాకు ఒకటే టెన్షన్, పోయిందేమోనని. ఆరు కాబోతుండగా లోపల నుంచి రెండు ముక్కలుగా ఈల! మా పనమ్మాయి విని "ఆరుమణి కురువి అమ్మా" అంది. వాళ్ల ఊళ్లో తెల్లవారుజామున ఆరింటికి, మళ్లీ సాయంత్రం ఆరింటికి కూస్తుందట. మర్నాడు పొద్దున్నే వీధి చివర పార్కులో పొదల దగ్గర మూత తీశాం. పెట్టె అంచు మీద ఒక నిమిషం నిలబడింది, తోక రెండుసార్లు ఊపింది, ఆకుల్లోకి గెంతి మాయమైంది.

దాని పేరేమిటో ఎవరైనా తెలుగులో చెప్పండి.

పాత పుస్తకాల పురుగు
పెద్దమ్మగారూ, మీ బాల్కనీకి వచ్చింది పొన్నంగి పిట్ట. దాని పేరు మీకు తెలుగులో చెప్పనక్కర్లేదు, లోకమంతా దాన్ని తెలుగులోనే పిలుస్తోంది. ఇంగ్లీషులో ఇండియన్ పిట్టా. శాస్త్రీయ నామంలో మొదటి మాట కూడా పిట్టా. అది మన పిట్టే.

ఇంకా తమాషా ఏమిటంటే ఈ కథ మొదలైందీ మన మద్రాసులోనే. 300 ఏళ్ల కిందట ఫోర్ట్ సెయింట్ జార్జ్‌లో ఎడ్వర్డ్ బక్లీ అనే సర్జన్ ఇక్కడి పక్షుల బొమ్మలు లండన్‌కి పంపించాడు. జేమ్స్ పెటివర్ అనే ఆయన వాటి వివరాలు 1713లో అచ్చువేయించాడు. అందులో దీని పేరు "పొన్నుంకి పిట్ట" అని ఉంది. కోట చుట్టుపక్కల ఎవరో తెలుగాయన "ఇదేం పిట్ట?" అంటే చెప్పిన జవాబే అలాగే రాసుకుని ఉంటారని నా ఊహ.

ఇవి వేసవిలో హిమాలయాల దిగువ అడవుల్లో, మధ్య భారతంలో గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణాదికి వస్తాయి. రాత్రిపూట ప్రయాణం. అందుకే సరిగ్గా అక్టోబరులో అలిసిపోయి, దీపాలకు కళ్లు చెదిరి, అద్దాలకు కొట్టుకుని ఇలా ఇళ్లల్లో పడుతుంటాయి. మీరు చేసింది సరైన పనే. గాయం ఉంటే మాత్రం గిండీలో అటవీశాఖ వాళ్లకు అప్పజెప్పాలి. ముద్దొస్తోందని పంజరంలో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

టీనగర్ పెద్దమ్మ
పొన్నంగి పిట్ట! మా నాయనమ్మ కోపమొస్తే నన్ను "పొన్నంగి మొహమా" అనేది. ఇన్నాళ్లూ తిట్టు అనుకున్నాను.

కాకి లెక్కలు
నాదింకో డౌటు. కాసిమేడు హార్బర్లో వేలం జరిగే చోట గల్ పక్షుల్లో ఒకదాని కన్ను తెల్లగా ఉంది. మిగతావాటికి లేదు. పుస్తకంలో స్లెండర్ బిల్డ్ గల్‌కి తెల్ల కన్ను అని ఉంది. అరుదు కదా అది? లిస్టులో పెట్టనా?

పెరుంగుడి పిల్లోడు
ఆగన్నా ఆగు. రెక్క చివర నల్లటి భాగంలో తెల్ల మచ్చలు ఉన్నాయా? చెవి దగ్గర నల్ల చుక్క ఉందా?

కాకి లెక్కలు
రెండూ ఉన్నాయి.

పెరుంగుడి పిల్లోడు
అయితే అది లడాఖ్ నుంచి వచ్చే బ్రౌన్ హెడెడ్ గల్. పెద్దవాటికి కన్ను తెల్లగానే ఉంటుంది, పిల్లలకు ముదురు. స్లెండర్ బిల్డ్ రెక్కకు ఆ మచ్చలుండవు. మన దగ్గర గుంపులో ఎక్కువ ఇవే.

కాకి లెక్కలు
సరే. మా బామ్మర్దికి చెప్పొద్దు.

సిరుసేరి నైట్ షిఫ్ట్
కేళంబాక్కం ఉప్పు మడుల్లో నేనూ మూడు చూశా. టెరెక్ ఉల్లంకి ఒకటి: ముక్కు పైకి వంగి ఉంటుంది, తల వంచుకుని తాగినవాడిలా అటూ ఇటూ ఉరుకుతుంది. కాలికి రింగు ఉన్న చిన్న శాండ్ ప్లవర్ ఇంకొకటి. రింగు రంగు, ఏ కాలు, మోకాలికి పైనా కిందా అన్నది రాసుకుని బీఎన్‌హెచ్‌ఎస్ (బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ) వాళ్లకు మెయిల్ పెట్టాను, జవాబు రావాలి. దాంతో పాటు పొట్టి చెవుల గుడ్లగూబ కూడా ఉంది, పొద పక్కన నేల మీద.

కొత్త లెన్సు
గుడ్లగూబ లొకేషన్ పిన్ పెట్టగలరా ప్లీజ్?

సిరుసేరి నైట్ షిఫ్ట్
పెట్టను, ఏమీ అనుకోవద్దు. సూళ్లూరుపేట అన్న రాసింది చదవండి. పగలంతా నేల మీద పడుకునే జీవం, పదిమంది చుట్టుముడితే రెండో రోజు ఉండదు. అది వెళ్లిపోయాక ఎక్కడ చూశానో చెబుతా.

వేళచ్చేరి వాసి
అప్‌డేట్. ఈ ఆదివారం మళ్లీ ముఖద్వారం దగ్గరికి వెళ్లాను. మూడు గంటలు. ఆయిస్టర్‌క్యాచర్ లేదు. పోటు ఎక్కుతున్న టైంలో వెళ్లడం నా తప్పు, మేటలన్నీ మునిగిపోయాయి. ఈబర్డ్ నుంచి రివ్యూయర్ రాశారు: ఫోటో సరిపోదు, వివరాలు పంపండి అని. కాళ్లు, రెక్క పట్టీ, పక్కన స్టిల్ట్, అన్నీ పంపాను. చూద్దాం.

సూళ్లూరుపేట లోకల్
సార్, మా బావ రాయదొరువు వైపు వలేస్తాడు. మీరు రాసింది చదివి వినిపిస్తే "ఎర్ర ముక్కుదా? నిన్న పొద్దున కూడా ఉండె, గుల్లలు పొడుచుకుంటా" అన్నాడు. అదో ఇంకోటో నాకు తెలీదు. శనివారం పాటు ఎప్పుడో కనుక్కుని చెప్తా. చెన్నై నుంచి తెల్లారి మెము ఎక్కితే స్టేషన్ దగ్గర నేనుంటా. టిఫిన్ మా ఇంట్లో.

వేళచ్చేరి వాసి
వస్తున్నా. ఈసారి కెమెరా అప్పు తీసుకుని మరీ.

కాకి లెక్కలు
నేనూ వస్తా. లెక్క మాత్రం మీరు పెట్టండి.