ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) బగ్గీ మోటారు కాలిపోయింది, ఏది కొనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది బెంగళూరు మారతహళ్ళి. మా అబ్బాయి 1/10 (అసలు బండిలో పదో వంతు సైజు) ఎలక్ట్రిక్ బగ్గీ మోటారు మొన్న ఆదివారం పోయింది. ఇంటి పక్క ఖాళీ సైట్‌లో, గడ్డిలో అరగంట ఆపకుండా నడిపాడు, తర్వాత మాడు వాసన. ఇప్పుడు త్రాటిల్ ఇస్తే కాస్త కదిలి ఆగిపోతోంది. విప్పితే బ్రష్‌ల దగ్గరంతా నల్ల పొడి, షాఫ్ట్ చేత్తో తిప్పితే గరగరమంటోంది. స్టిక్కర్ చిరిగిపోయింది, కొలిస్తే మోటారు వ్యాసం 36 మి.మీ. ఎస్పీ రోడ్‌లో ఒకాయన 550 సైజు మోటారు పెట్టమన్నాడు, ఇంకొకాయన ఏకంగా బ్రష్‌లెస్సే కొనమన్నాడు. ఈఎస్‌సీ (మోటారు స్పీడుని నియంత్రించే సర్క్యూట్) మీద బ్రష్డ్, 2ఎస్ (రెండు సెల్‌ల బ్యాటరీ), 12టీ అని ఉంది. సోల్డరింగ్ కొద్దిగా వచ్చు. నేనే బిగించుకోగలనా?

జవాబు 1:
36 మి.మీ. అంటే 540 సైజు అయ్యుంటుందండి. 550 వ్యాసం కూడా అంతే కానీ పొడవు ఎక్కువ, కాబట్టి పాతదాని పొడవు కొలిచి, బగ్గీలో చోటుందో లేదో చూశాకే దాని మాట. 12టీలో టీ అంటే టర్న్, మోటారు లోపలి తీగ చుట్టు; 12 కంటే తక్కువ చుట్లున్న మోటారు మీ ఈఎస్‌సీ తట్టుకోదు. చుట్లు తగ్గేకొద్దీ స్పీడూ పెరుగుతుంది, లాగే కరెంటూ పెరుగుతుంది. గడ్డిలో నడిపేవాళ్ళకి 21 లేదా 27 టర్న్ చాలు.

కానీ కొనేముందు ఒక పని చేయండి. మోటారు తీసేసి చక్రాలు చేత్తో తిప్పండి. మాకూ ఇలాగే అయితే కొత్తది పెట్టాను, రెండో రోజే అదీ కాలిపోయేంత వేడెక్కింది. వెనక చక్రం విప్పితే యాక్సిల్‌కీ బేరింగ్‌కీ మధ్య గడ్డి పీచు దారంలా చుట్టుకుని బిగుసుకుపోయి ఉంది, ట్వీజర్‌తో లాగితే గానీ రాలేదు.

జవాబు 2:
బిగించడం కష్టమేం కాదు అన్నా. పాత పినియన్ (మోటారు షాఫ్ట్ మీది చిన్న గేరు) పళ్ళు లెక్కపెట్టుకో, అదే తీసి కొత్తదానికి వేసేయ్, షాఫ్ట్ 3.17 మి.మీ.దే తీసుకో. పినియన్‌ని బిగించే గ్రబ్ స్క్రూ షాఫ్ట్ మీద చదునుగా ఉన్న వైపే పడాలి, కాస్త థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా ఉంచే జిగురు) పెట్టు. పినియన్‌కీ స్పర్ గేర్‌కీ (పినియన్ తిప్పే పెద్ద గేరు) మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, మోటారుని దగ్గరికి నొక్కి స్క్రూలు బిగించు, తర్వాత గేరు తిప్పితే కాగితం మడతలు పడి బయటికొస్తుంది. చిరిగిందంటే మరీ బిగుతు. మోటారు బిగించే ఎం3 స్క్రూలు పాతవే వాడు, పొడవైనవి వేస్తే లోపలి చుట్లకి తగిలి కొత్త మోటారు కూడా పోతుంది. మోటారు వెనక్కి తిరిగితే దాని రెండు వైర్లు అటూ ఇటూ మార్చెయ్, అంతే. మొదటిసారి మూడు నిమిషాలు నడిపి ఆపి చూడు, మోటారు మీద వేలు పెట్టి ఉంచలేనంత వేడి ఉంటే పినియన్‌లో ఒకటి రెండు పళ్ళు తగ్గించు.

జవాబు 3:
బ్రష్‌లెస్ ఇప్పుడొద్దండి. మీ ఈఎస్‌సీ దాన్ని నడపలేదు, అదీ మార్చాలి, ఖర్చు రెట్టింపవుతుంది. పైగా ఆ స్పీడుకి ప్లాస్టిక్ గేర్లు ముందు అరుగుతాయి.

ప్రశ్న అడిగినవారు:
చక్రాలు తిప్పి చూశాను. కుడి వెనకది సగం తిరిగి ఆగిపోతోంది, బేరింగ్ నిండా మట్టి. ముందు బేరింగ్ మారుస్తాను, 27 టర్న్ మోటారు శనివారం ఎస్పీ రోడ్‌లో తెస్తాను.