పదో తరగతి పాపకి సొంత ఫోనా, నాన్న ఫోనా?

కనిగిరి_నాన్న: హోంవర్కంతా వాట్సాప్‌లోనే పడతా ఉంది. పాప ఫోన్ కొనీమంటోంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యూట్యూబ్‌కి గంట టైమర్ పెట్టి ఇస్తే చాలా?

ఒంగోలు_గిత్త: చాలదు. ఆ టైమర్ని ఫోన్ చేతిలో ఉన్నోళ్లే తీసెయ్యొచ్చు. లేదంటే క్రోమ్‌లో యూట్యూబ్ తెరుస్తారు. ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్ని మన ఫోన్ నుంచే అదుపు చేసే గూగుల్ యాప్) పెట్టండి, క్రోమ్‌లో ఆ సైటు కూడా ఆపండి. అసలు చూడాల్సింది డేటా. రోజుకి 1.5 జీబీ ప్యాక్ అర్ధరాత్రి 12కి మళ్లీ మొదలవుద్ది. సాయంత్రానికే ఖాళీ చేసుకున్న పిల్లలు 12 దాకా మేలుకోనుంటారు.

కావలి_సూరీడు: వైఫై పెట్టిస్తే ఆ గోల ఉండదు గదా.

ఒంగోలు_గిత్త: వైఫైకి హద్దెక్కడుండాది? 480పీలో గంట వీడియోకి సుమారు అర జీబీ. పాఠానికి 360పీ చాలు. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీ దగ్గర డేటా సేవర్ నొక్కండి.

లెక్కల_టీచర్: పాఠాలకి డేటా అంత పట్టదు. పుస్తకంలో క్యూఆర్ ఉందిగా. దీక్షా అనే ప్రభుత్వ పాఠాల యాప్‌తో స్కాన్ చేసి, పాఠం ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండానే వస్తది. అచ్చు మసకబారి స్కాన్ కాకపోతే దాని కింద ఉన్న ఆరక్షరాల కోడ్ కొట్టండి. మీ ఫోనే ఇచ్చేటట్టయితే సెక్యూరిటీలో యాప్ పిన్నింగ్ (తెరిచిన ఒక్క యాప్‌లోనే ఫోన్ని ఆపేది) ఆన్ చేసి, తీసేటప్పుడు పిన్ అడిగేట్టు పెట్టండి. దీక్షా దాటి ఫోన్‌పే దాకా పోలేరు.

ఒంగోలు_గిత్త: అదీ మాట. ఆడపిల్లకి సొంత ఫోనెందుకు? మీదే ఇచ్చి హాల్లో కూర్చోబెట్టండి.

పెన్న_ఒడ్డు: ఆగండి సార్. పోయిన్నెల ఇక్కడే ఒకరు పదోతరగతి బాబుకి బీజీఎమ్‌ఐ గేమ్ ఆడను ఏ ఫోన్ మంచిదంటే, 8 జీబీ ర్యామ్ చూసుకోమన్నారు మీరు. అప్పుడు హాలు గుర్తు రాలా, ఫ్యామిలీ లింకూ గుర్తు రాలా. 18 నిండనోళ్లకి రోజుకి 3 గంటలే అని ఆ ఆటలోనే హద్దుంది. వయసు ఎక్కువేసుకుంటే అదీ పోద్ది. ఆ ముక్కయినా చెప్పారా?

ఒంగోలు_గిత్త: ఆయన అడిగింది ఫోన్ గురించి, నేను చెప్పింది ఫోన్ గురించి. దీనికీ దానికీ ఏంది సంబంధం?

పెన్న_ఒడ్డు: బాబుకి ర్యామ్, పాపకి తాళం. ఇంకేం సంబంధం కావాలి? మా ఇంట్లోనూ ఇదే బాపతు, తమ్ముడికి ఫోను, నాకు రీఛార్జ్ అడిగితే ప్రశ్నలు.

ఒంగోలు_గిత్త: బయట ఎట్టా ఉందో మీకు తెలీదమ్మా. ఫొటోలు ఎక్కడికి పోతాయో ఎవరికెరుక?

పెన్న_ఒడ్డు: ఆ ఫొటోలు పంపించేది ఎవరు సార్? దొంగని వదిలేసి ఇంటోళ్లకి తాళమా?

లెక్కల_టీచర్: ఇద్దరూ ఒక సంగతి మర్చిపోతుండారు. 13 దాటిన పిల్లల అకౌంట్‌కి ఫ్యామిలీ లింక్ కలపాలంటే వాళ్లు కూడా ఒప్పుకోవాల. పాపకైనా బాబుకైనా అంతే. ముందు కూర్చోబెట్టి మాట్లాడండి, ఫోన్ తర్వాత కొనండి.

కనిగిరి_నాన్న: మా పెద్దోడు ఇంటరు. వాడి చేతిలో రెండేళ్లుగా ఫోనుంది, ఏ తాళమూ లేదు. ఇద్దరికీ ఒకేసారి పెట్టొచ్చా?

లెక్కల_టీచర్: పెట్టొచ్చు. మీ ఫోన్లో ఒకే యాప్‌లో ఇద్దరి పేర్లూ వస్తాయి.

ఒంగోలు_గిత్త: ఇంటర్ కుర్రోడికి ఇప్పుడెందుకండీ?

కావలి_సూరీడు: రాత్రి 10కి రూటర్ దానంతటదే ఆగేట్టు ఎక్కడ పెట్టాలబ్బా?