దమ్ము చేసిన ప్రతిసారీ గేర్ ఆయిల్‌లోకి నీళ్లు వస్తున్నాయి

మాది 27 హెచ్‌పీ మినీ ట్రాక్టర్, 1,400 గంటలు తిరిగింది. గేర్‌బాక్స్‌కి, హైడ్రాలిక్‌కి ఒకటే ఆయిల్. ఈసారి రోటవేటర్‌తో దమ్ము (నీళ్లు పెట్టిన మడిని బురదగా దున్నడం) మొదలుపెట్టిన మూడో రోజుకి ఆయిల్ పాలు ఎక్కువైన టీలా తయారైంది. డిప్‌స్టిక్‌లో మట్టం వేలెడు పెరిగింది. గాజు గ్లాసులో పోసి రాత్రంతా ఉంచితే పొద్దున్నకి అడుగున నీళ్లు విడిగా చేరాయి. కాబట్టి ఇది గాలి నురగ కాదు, నీళ్లే.

పొద్దున హైడ్రాలిక్ లిఫ్ట్ (వెనక పనిముట్టుని ఎత్తేది) బాగానే లేస్తుంది. ముప్పావు గంట నడిచాక మూలుగుతూ నెమ్మదిగా లేస్తుంది.

మొత్తం ఆయిల్ రెండుసార్లు మార్చాను, ఫిల్టర్ కొత్తది వేశాను, జాలీ కడిగాను. వెనక యాక్సిల్ సీళ్లు రెండు వైపులా మార్పించాను. పంపు నీళ్లతో కడగడం కూడా ఆపేశాను. అయినా మడిలో దిగిన మూడు రోజులకి మళ్లీ అదే. మెట్ట దుక్కిలో మాత్రం ఆయిల్ శుభ్రంగానే ఉంటోంది. నాట్లు దగ్గర పడ్డాయి, హైడ్రాలిక్ పంపు పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఇక మిగిలినవి పీటీఓ షాఫ్ట్ (రోటవేటర్‌ని తిప్పే వెనక షాఫ్ట్) సీల్, గేర్ లివర్ రబ్బరు బూటు, బ్రీదర్ (గేర్‌బాక్స్‌కి గాలి ఆడే రంధ్రం). ఇలాంటి ఇబ్బంది చూసినవాళ్లు చెప్పండి, ఈ మూడింట్లో ముందు ఏది విప్పించమంటారు?