పాత స్టీరియో: యాంప్ మార్చాలా, స్పీకర్లు మార్చాలా?

ప్రశ్న (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నాన్నగారు కొన్న స్టీరియో సెట్టు ఇప్పుడు మా ఇంటికి చేరింది. వయసు పాతికేళ్ల పైమాటే. ఛానల్‌కి 40 వాట్ల యాంప్ (యాంప్లిఫయర్), ఆరున్నర అంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద కోను) ఉన్న రెండు స్పీకర్లు, ఒక సీడీ ప్లేయర్. ఎల్పీ ప్లేయర్ కూడా ఉంది కానీ చాలా ఏళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఫోన్లో పాటల కోసం బ్లూటూత్ రిసీవర్ ఒకటి తగిలించాను.

ఇబ్బంది ఏమిటంటే, సౌండ్ కాస్త పెంచగానే పాడేవాళ్ల గొంతు స్పష్టంగా ఉండదు. కచేరీ పెడితే మృదంగం తొప్పి (బరువుగా మోగే ఎడమ వైపు) దెబ్బలన్నీ కలిసిపోయి ఒకటే బుమ్మని మోగుతాయి. ఎడమ స్పీకర్ అప్పుడప్పుడు జరజరమంటుంది. షాపులో అడిగితే "యాంప్ చిన్నది సార్, 80 వాట్లది వేయండి, వైర్లూ మార్చాలి" అన్నారు. వైర్లకే ఎనిమిది వేలు చెప్పారు. మొత్తం మీద 50 వేల దాకా పెట్టగలను. దేనికి పెడితే తేడా తెలుస్తుంది?

జవాబు (చెన్నై)

ఇంత తలనొప్పి ఎందుకండీ, అన్నీ అమ్మేసి మంచి సౌండ్‌బార్ కొనుక్కోండి. వైర్ల గోలే ఉండదు.

జవాబు (హైదరాబాద్)

టీవీ డైలాగులకైతే సౌండ్‌బార్ బాగానే ఉంటుంది. ఆయన అడిగింది మృదంగం సంగతి.

విశాఖ మిత్రులకు: ఇప్పుడే పర్సు తీయకండి. మీరు చెప్పినవి మూడు వేర్వేరు రోగాలు కావచ్చు. జరజర సంగతి ముందు తేల్చుకోండి, దానికి పైసా ఖర్చు లేదు. యాంప్ ఆపేసి, వెనక ఎడమ స్పీకర్ వైర్లను కుడి వైపుకీ, కుడివి ఎడమకీ మార్చి బిగించండి. ప్లస్, మైనస్ వైర్ల కొసలు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి, తగిలితే యాంప్ పోతుంది. మళ్లీ అదే పాట పెట్టండి. జరజర అదే స్పీకర్లో వస్తుంటే తప్పు స్పీకర్‌ది. రెండో స్పీకర్‌కి మారిందా, అప్పుడు తప్పు యాంప్‌లోనో, దానికి ముందున్న ప్లేయర్లోనో ఉన్నట్టు. ప్లేయర్ నుంచి వచ్చే పిన్నులను కూడా అలాగే అటూ ఇటూ మార్చితే అదీ తేలిపోతుంది.

ఇక వాట్ల సంగతి. 40 నుంచి 80 వాట్లకు వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ (శబ్దం కొలిచే లెక్క). చెవికి "కొంచెం పెరిగిందే" అనిపిస్తుంది, అంతే. సౌండ్ రెండింతలైనట్టు తోచాలంటే వాట్లు పదింతలు కావాలి, అంటే 400. మామూలు ఇంటి స్పీకర్ ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 85 నుంచి 90 డెసిబెల్స్ పలుకుతుంది. హాల్లో కూర్చుని పాటలు వినేటప్పుడు మీ యాంప్ ఎక్కువ సేపు ఒకటి రెండు వాట్లే ఇస్తూ ఉంటుంది. గొంతు స్పష్టంగా లేకపోవడానికి వాట్లు కారణం అయ్యే అవకాశం చాలా తక్కువ.

డబ్బు విషయంలో నాకున్న లెక్క ఒకటే: కదిలే వాటికి పెట్టాలి. స్పీకర్ కోను కదులుతుంది, ఎల్పీ మీద ముల్లు కదులుతుంది, గదిలో గాలి కదులుతుంది. శబ్దం చెడేది ముఖ్యంగా ఈ మూడు చోట్లే. మధ్యలో ఉన్నదంతా కరెంటు. పని చేస్తున్న ఒక మోస్తరు యాంప్‌లో వక్రీకరణ, అంటే శబ్దం రూపు చెడడం, ఒక శాతంలో పదో వంతు కూడా ఉండదు. అదే వూఫర్ అయితే కింది స్వరాల దగ్గర, సౌండ్ పెంచినప్పుడు, కొన్ని శాతాలకు పోతుంది. శాతంలో పదో వంతును తగ్గించడానికి డబ్బు పోసి, శాతాలకు శాతాలు ఉన్న చోటు వదిలేయడం ఏం లెక్క?

మీ హాలు ఎంత ఉంటుంది, స్పీకర్లు ఎక్కడ పెట్టారు, నేల ఏమిటి, ఇవి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

హాలు 12 బై 16. కింద టైల్స్. స్పీకర్లు టీవీ షోకేసు అరల్లో ఉన్నాయి, ఎడమది సరిగ్గా మూలకు వచ్చింది. సోఫా వెనక గోడకు ఆనించి ఉంది. మీరు చెప్పినట్టు వైర్లు మార్చి చూశాను, జరజర ఆ స్పీకర్లోనే ఉండిపోయింది.

జవాబు (విజయవాడ, రిపేరు షాపు)

సార్, ముందు గుడ్డ ఫ్రేము తీసి వూఫర్ చూడండి. కోను చుట్టూ అంచు రబ్బరా, ఫోమా? ఫోమ్ అయితే వేలితో మెల్లిగా తాకండి. పొడిలా రాలితే అదే మీ జరజర. మన కోస్తా తేమకి ఫోమ్ అంచు పదిహేను, ఇరవై ఏళ్లలో పిండి పిండి అయిపోతుంది. వాడకుండా బీరువా మీద పెట్టినా పోతుంది. అంచు ఊడితే కోను పక్కకు ఒరిగి, లోపలి కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటుంది. అలాగే సౌండ్ పెంచి వింటే కాయిల్ కూడా పోతుంది, అప్పుడు పని పెరుగుతుంది. కాబట్టి ప్రస్తుతానికి ఆపేయండి.

కొత్త అంచు వేస్తారు సార్, కొత్త స్పీకర్ ధరలో చాలా తక్కువలో అయిపోతుంది. ఒకటే చెడినా రెండూ వేయించండి, వయసు ఒకటే కదా. మీ ఊళ్లో ఎవరూ దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ వైపు అడగండి. బాక్సు మోయక్కర్లేదు, వూఫర్ ఒక్కటే విప్పి తీసుకెళ్లొచ్చు. విప్పే ముందు ఏ వైరు ఏ కొసకు ఉందో ఫోటో తీసుకోండి.

యాంప్ మార్చొద్దు. వాల్యూమ్ తిప్పితే గరగర వస్తుందా? అది లోపల దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది. పాట లేకుండా ఊరికే ఆన్ చేసినా హమ్మని మోత ఉంటే పవర్ సప్లై కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు, మార్పించండి. మీరు మాత్రం మూత తీసి చేయి పెట్టకండి, స్విచ్ ఆపినా కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ తగిలించినప్పుడే హమ్ వస్తుంటే బాక్సుకు వచ్చే కేబుల్ ఓసారి పీకి చూడండి. ఆగిపోతే యాంప్‌ది తప్పు కాదు, ఎర్తింగ్ గొడవ.

జవాబు (హైదరాబాద్)

రిపేరు మిత్రుడు చెప్పింది ముందు చేయండి. మిగతాది గది పని.

అర లోపల పెట్టిన స్పీకర్ సగం పెట్టె పాటే పాడుతుంది. ఆ చెక్క కూడా మోగుతుంది. మూలలో పెడితే కింది స్వరాలు రెండు గోడల ఆసరాతో ఇంకా ఉబ్బుతాయి. పైగా ప్రతి గదికీ సొంతంగా మోగే స్వరాలు ఉంటాయి. గోడకూ గోడకూ మధ్య 12 అడుగులుంటే 47 హెర్ట్జ్ దగ్గర ఒకటి, దానికి రెట్టింపు 94 దగ్గర ఇంకొకటి. మీ మృదంగం బుమ్మనేది చాలావరకు ఇదే. గోడను ఆనుకున్న సోఫాలో అది అన్నిటికంటే ఎక్కువగా వినిపిస్తుంది. ఇక్కడ 80 వాట్ల యాంప్ ఏం చేస్తుంది, అదే బుమ్ములను ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది.

స్పీకర్లను అరల్లోంచి తీసి స్టాండ్ల మీద పెట్టండి. వెల్డింగ్ షాపులో ఇనుప స్టాండ్లు చేయించుకోవచ్చు. కూర్చున్నప్పుడు ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న స్పీకర్) మీ చెవి ఎత్తుకు రావాలి. వెనక గోడకు అడుగున్నర, రెండడుగులు వదలండి. మూలకు మాత్రం వద్దు. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో మీ సోఫాకూ సుమారుగా అంతే ఉండేలా చూసుకోండి. సోఫాను గోడ నుంచి ఒక అడుగు ముందుకు లాగినా తేడా వినిపిస్తుంది. ఇంట్లో ఒప్పుకోవాలనుకోండి, అది మీరూ మీ ఆవిడా చూసుకోవాలి.

సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి 1950, 60ల నాటి సినిమా పాట పెట్టండి. అవి చాలావరకు మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది. గొంతు రెండు స్పీకర్లకు నట్టనడుమ, అక్కడ మనిషి నిలబడి పాడుతున్నట్టు రావాలి. ఒక పక్కకు జరిగితే దూరాలు సరిచూడండి. ఎక్కడినుంచో తెలియకుండా పలచగా పరుచుకుని వస్తే ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి.

గొంతు స్పష్టతకి: హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టండి. ట్రింగ్‌మని తోక వచ్చిందంటే టైల్సు, ఉత్త గోడలు కలిసి చేస్తున్న పని. స్పీకర్లకూ సోఫాకూ మధ్య మందపాటి జంపఖానా పరచండి, బరువైన కర్టెన్లు వేయండి, ఖాళీ గోడకు పుస్తకాల బీరువా జరపండి. గుడ్ల ట్రేలు మాత్రం అంటించకండి, గోడ పాడవడం తప్ప లాభం లేదు.

జవాబు (బెంగళూరు)

అన్నీ ఒప్పుకుంటాను కానీ వైర్లను తీసిపారేయకండి. మా ఇంట్లో మారిస్తే తేడా స్పష్టంగా వినపడింది.

జవాబు (హైదరాబాద్)

వినపడి ఉండొచ్చు సర్. పాత వైరు కొసలు నల్లబడి, స్క్రూలు వదులై ఉంటాయి. కొత్తది వేసినప్పుడు ఆ జాయింట్లన్నీ కొత్తవవుతాయి. సముద్రం పక్కన ఇది ఇంకా ఎక్కువ. అందుకే విశాఖ మిత్రులు కొసలు రెండంగుళాలు కోసి, మెరిసే రాగి కనపడేలా ఒలిచి మళ్లీ బిగించాలి. వైరే మరీ పాడైతే 1.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి ఫ్లెక్సిబుల్ వైరు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా మీటర్ల లెక్కన ఇస్తారు. అయిదు మీటర్ల దూరానికి రానూపోనూ దాని నిరోధం 0.13 ఓమ్‌లు. 8 ఓమ్‌ల స్పీకర్ ముందు అది లెక్కలోకి రాదు. ఎనిమిది వేలు పెట్టే పని లేదు.

జవాబు (డాలస్)

డిసెంబర్లో వైజాగ్ వస్తున్నాను. ఇక్కడ సెకండ్ హ్యాండ్ యాంప్‌లు చవక, కావాలంటే ఒకటి తెస్తాను.

జవాబు (విజయవాడ, రిపేరు షాపు)

అన్నా, వద్దు. అక్కడివి 120 వోల్టులు. వెనక 230 వోల్టుల సెలెక్టర్ లేకుండా ఇక్కడ ప్లగ్గు పెడితే ఫ్యూజుతో ఆగితే అదృష్టం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, అదో బరువు. మామూలు స్పీకర్లకైతే ఈ బాధ లేదు కానీ వాటిని విమానంలో ఎవరు మోస్తారు.

ప్రశ్న అడిగినవారు

ఫ్రేము తీశాను. తాకగానే అంచు పొడిపొడిగా రాలిపోయింది, రెండోదీ అదే స్థితి. రేపు విప్పి తీసుకెళ్తున్నాను. స్టాండ్లు కూడా చెప్పాను. మరి మిగతా డబ్బుతో ఏదైనా చేయాలా? సీడీ ప్లేయర్, బ్లూటూత్ రిసీవర్ మార్చాలా? అన్నిటికంటే ముందు ప్లేయరే బాగుండాలని ఒక పెద్దాయన గట్టిగా చెప్పారు.

జవాబు (హైదరాబాద్)

ఆయన మాట ఎల్పీల కాలంలో నిజం. 1970లలో స్కాట్లండ్‌కి చెందిన లిన్ కంపెనీ ఎల్పీ ప్లేయర్లు అమ్ముతూ ఈ వాదాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. అక్కడ ముల్లు కదులుతుంది, పళ్లెం తిరుగుతుంది, తేడా వస్తుంది. 1982లో సీడీ వచ్చాక ఆ తేడా దాదాపు పోయింది. మీ సీడీ ప్లేయర్ డిస్కు ఎగరకుండా చదువుతుంటే దాని జోలికి వెళ్లకండి. చదవకపోతే ముందు లెన్సు తుడిపించండి.

బ్లూటూత్ ఒక్కటే కొంచెం అనుమానం. పాటను కుదించి పంపే మామూలు ఎస్‌బీసీ పద్ధతిలో సాధారణంగా సెకనుకు 328 కిలోబిట్ల దగ్గరే ఆగిపోతుంది. ఫోన్‌కి చిన్న యూఎస్‌బీ డాంగుల్ (ఫోన్ నుంచి వైరుతో పాట బయటికిచ్చే ముక్క) పెట్టి అక్కడినుంచి యాంప్ వెనక ఆక్స్ అనే మామూలు ఇన్‌పుట్‌లోకి వైరు వేయండి. డాంగుల్ ఖర్చు ఒకటి రెండు వేలలో తేలిపోతుంది.

మిగతా డబ్బు దాచండి. వూఫర్లు బాగై, స్టాండ్లెక్కి, గది సర్దుకున్నాక కొన్ని వారాలు వినండి. అప్పటికీ గొంతు నచ్చకపోతే మొత్తం పెట్టి స్పీకర్లు కొనండి. షాపులో విని కాదు, ఇంటికి తెచ్చి వినిపించే షాపులోనే కొనండి. పోల్చేటప్పుడు రెండిటి సౌండూ సమానంగా పెట్టండి, కాస్త ఎక్కువ మోగేదే ఎప్పుడూ బాగున్నట్టు వినిపిస్తుంది. 4 ఓమ్‌ల స్పీకర్లు కొనబోతే మీ యాంప్ వెనక ఎన్ని ఓమ్‌లు రాశారో ముందు చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అర్థమైంది అండీ. నాన్నగారి రికార్డులు ఒక పెట్టెడు ఉన్నాయి, ఎల్పీ ప్లేయర్ కూడా లేపుదామని ఉంది. ఇప్పుడే పెట్టి చూడొచ్చా?

జవాబు (హైదరాబాద్)

పాత ముల్లుతో వద్దు. వజ్రపు ముల్లు అయినా ఆయుష్షు 500 నుంచి 1000 గంటలు, మీ నాన్నగారు ఎన్ని గంటలు విన్నారో ఎవరికి తెలుసు. అరిగిన ముల్లు గాడినే చెక్కేస్తుంది, ఆ రికార్డు మళ్లీ బాగుపడదు. కార్ట్రిడ్జ్ మీద నంబరు చూసి దానికి సరిపడే కొత్త ముల్లు తెప్పించండి, బెల్టు సాగి ఉంటే అదీ మార్చండి. మీ 50 వేలలో దీనికి పెట్టే డబ్బు మాత్రం వృథా కాదు.

ఇంకొకటి, ఎల్పీ నుంచి వచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది. దాన్ని ఆక్స్‌లో పెడితే ఎక్కడో దూరంగా పీలగా వినిపిస్తుంది. యాంప్ వెనక ఫోనో (ఎల్పీ ప్లేయర్ కోసం) అని రాసిన సాకెట్ల జత ఉందేమో చూసి ఫోటో పెట్టండి. లేకపోతే ఆ సిగ్నల్‌ను పెంచే చిన్న ఫోనో ప్రీయాంప్ ఒకటి కొనాల్సి వస్తుంది.